తర్వాతి సంఖ్య చెప్పుకో చూద్దాం

కొలువు కోసం అశోక్‌నగర్ గదిలో చాప మీద తపస్సు చేస్తున్న మా మేనల్లుడు, నేను చెప్పులైనా విప్పకముందే ప్రశ్న సంధించాడు. "మామయ్యా, 1, 2, 4, 8, 16. తర్వాత?"

"31" అన్నాను.

జాలిగా చూశాడు. "కీలో 32 ఉంది."

మెస్సు నుంచి వాడు తెచ్చుకున్న మినపట్టు పొట్లం విప్పాను. అంచున ఒక్క చుక్కే ఉంటే అట్టు అట్టుగానే ఉంటుంది. రెండు చుక్కలు కలిపి కోస్తే రెండు ముక్కలు. మూడింటికి నాలుగు, నాలుగింటికి ఎనిమిది, అయిదింటికి పదహారు. ఆరో చుక్క పెట్టి, ఏ మూడు కోతలూ ఒకేచోట కలవకుండా అన్నిటినీ కలిపి కోస్తే ముప్పై ఒకటే. ముప్పై రెండోది ప్రశ్న కూర్చినాయన పెనం మీదే దొరకాలి.

సూత్రమిచ్చి పదాలు రాయమంటే లెక్క. అయిదు పదాలు పడేసి సాధారణ పదం పట్టుకోమంటే సోది. అంకశ్రేఢి అని ఒక్క మాట చెబితే చాలు, "ఏ ప్లస్ ఎన్ మైనస్ వన్ ఇంటూ డీ" అని పదో తరగతి పిల్లాడు నిద్రలోనూ అప్పజెబుతాడు. ఆ ఒక్క మాటా చెప్పరు. 2, 4, 6, 8 తర్వాత 10 అనే ఎందుకు రావాలి? ఎన్‌కు రెట్టింపు రాసి, ఎన్‌లోంచి 1, 2, 3, 4 విడివిడిగా తీసేస్తే మిగిలిన నాలుగింటి లబ్ధం దానికి కలపండి. మొదటి నాలుగు చోట్లా ఆ లబ్ధం సున్నా, అయిదో చోట 24. కలిపే ముందు దాన్ని 24తో భాగించి 1937తో హెచ్చవేస్తే అయిదో పదం 1947. స్వాతంత్ర్యం వచ్చేసింది!

నీల్ స్లోన్ అనే గణితజ్ఞుడు 1964లో విద్యార్థిగా ఉండగా సంఖ్యల వరుసలు ఏరడం మొదలుపెట్టాడు. ఇప్పుడా భాండాగారంలో వరుసలు 3 లక్షలు దాటాయి. అందులో 1, 2, 4, 8, 16 అని వెతికితే పేజీలకు పేజీలు వస్తాయి. మన కోచింగ్ సార్లకు మాత్రం ఒక్కటే వస్తుంది, అదీ ముప్పై సెకన్లలో. తాము పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

ఎరుకలసాని నయం. ఆవిడ చేటలో బియ్యం పోయించుకుని మన మనసులో మాట తనే చెబుతుంది. ఇక్కడ ఎదురు ఫీజు కట్టి, అయ్యవారి మనసులో మాట మనం చెప్పాలి. తప్పితే బ్యాంకు పరీక్షల్లో పావు మార్కు కోత. అభ్యంతరం పెట్టాలంటే కొన్నిచోట్ల ప్రశ్నకింతని మళ్లీ రుసుము.

"సరే, ఇది చెప్పు. 16, 11, 9. తర్వాత?" అన్నాడు వాడు.

ఇంతసేపూ వాగిన నోటితోనే ఎగబడ్డాను. "తేడా మైనస్ 5, మైనస్ 2, ఆపైన ప్లస్ 1. పదిరా!"

"తెలంగాణ గ్రూప్-1 ప్రిలిమ్స్ తేదీలు మామయ్యా. 2022 అక్టోబరు 16, లీకై రద్దు. 2023 జూన్ 11, కోర్టులో రద్దు. 2024 జూన్ 9న మళ్లీ."

చల్లారిపోయిన ముప్పై ఒకటో ముక్క నోట్లో వేసుకున్నాడు.