జిల్లాకో హైటెక్ సిటీ: కట్టబోయేవారికి చిట్కాలు

ఎమ్మెల్యేగారూ, ముందు అద్దాల మేడ లేపండి. కంపెనీల సంగతి తర్వాత. 1998లో సైబర్ టవర్స్ తెరిచారు, హైదరాబాద్ దశ తిరిగింది. కాబట్టి మహిమంతా అద్దాలదే. 1967 నుంచీ అక్కడ ఈసీఐఎల్ ఉందని, రక్షణ ల్యాబులు, ఉస్మానియా, విమానాశ్రయం ముందే ఉన్నాయని ఎవరైనా గొణిగితే వినిపించుకోకండి. బెంగళూరు పేరెత్తి, 1985లో టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వచ్చేనాటికే అక్కడ టాటా ఇన్‌స్టిట్యూట్, హెచ్ఏఎల్, ఇస్రో ఉన్నాయని ఎవరైనా అంటే, ఆయనకు పార్టీ సభ్యత్వం ఉందేమో కనుక్కోండి.

స్థలం ఊరికి దూరంగా, బస్సు ఎక్కలేని గుట్ట మీద చూడండి. ప్రారంభోత్సవానికి పూలకుండీలు అద్దెకు దొరుకుతాయి. కుర్చీల్లో డిగ్రీ కాలేజీ పిల్లల్ని కూర్చోబెట్టి మెడలో ట్యాగులు వేయండి. మా ఊళ్లో అలా కూర్చున్న ఒకమ్మాయి ఇప్పుడు నిజంగానే మాదాపూర్‌లో కోడింగ్ చేస్తోంది. టవర్ వల్ల ఉద్యోగాలు రాలేదని ఎలా అంటారు?

భూమి ధర దగ్గర గుండె రాయి చేసుకోండి. 2025లో విశాఖలో టీసీఎస్‌కు 21.16 ఎకరాలు 99 పైసల నామమాత్రపు ధరకు ఇచ్చారు. విశాఖకు సముద్రముంది, ఓడరేవుంది, విమానాలున్నాయి. మీకు పెద్ద చెరువుంది. కాబట్టి ఇంకా తగ్గించాలి. తగ్గించడానికి మీ చేతిలో ఉన్నది 99 పైసలే.

అసలు కిటుకు ఇక్కడుంది: ఒక్క కంపెనీతో ఆపేయండి. రెండోది వస్తే పిల్లలు చెడిపోతారు. మాదాపూర్‌లో ఒక లిఫ్టు దిగి పక్క బిల్డింగు లిఫ్టు ఎక్కితే జీతం పెరుగుతుంది. ప్రాజెక్టు పోయి బెంచ్ మీద కూర్చున్నవాడికి కూడా నాలుగు చోట్ల ఇంటర్వ్యూలు దొరుకుతాయి. మీ టవర్‌లో ఆ బెడద ఉండదు. మేనేజరుతో పడకపోతే గుట్ట దిగి ఆటో ఎక్కడమే. భార్య టెస్టింగ్, భర్త జావా అయితే ఒకరికి ఉద్యోగం, మరొకరికి చెరువుగట్టు మీద షికారు. కాపురాలు బాగుపడతాయి కూడా.

ఇక లెక్కలు. 2022-23లో తెలంగాణ ఐటీ ఉద్యోగులు 9,05,715 మంది అని ప్రభుత్వమే చెప్పింది. దాదాపు అందరూ హైదరాబాద్ చుట్టుపక్కలే. కంగారు పడకండి, 33 జిల్లాలతో భాగించండి. జిల్లాకు 27 వేల పైచిలుకు! ఒక్క మేడా కట్టకుండానే అసమానత మాయం.

మీది కృష్ణా నది అవతలి జిల్లా అయితే భాగహారం కూడా అక్కర్లేదు. భోగికి ముందురోజు హైదరాబాద్-విజయవాడ రోడ్డులో పంతంగి టోల్‌గేటు దగ్గర ఇద్దరు వీఆర్వోలను నిలబెట్టి, మీ ఊరివైపు వెళ్లే కార్లలో ల్యాప్‌టాప్ బ్యాగులు లెక్కించమనండి. అవే మీ జిల్లా ఐటీ గణాంకాలు. కనుమనాడు కాకైనా కదలదు కాబట్టి ఆ రోజే నివేదిక పంపేయండి. మర్నాటికి అరిసెల డబ్బాలు డిక్కీలోకి ఎక్కుతాయి.