సైతాను పటం

నన్ను గీసింది ఒకరు, చెక్కింది మరొకరు. గీసిన గుస్తావ్ డొరే ఫ్రెంచివాడు. 1866లో లండన్‌లో క్యాసెల్ వాళ్లు మిల్టన్ ‘ప్యారడైజ్ లాస్ట్’ను 50 బొమ్మలతో అచ్చేశారు. వాటిలో నేనొకదాన్ని: గబ్బిలం రెక్కలతో భూమి మీదికి దూసుకొస్తున్న సైతానును.

డొరే నేరుగా చెక్క మీదే బొమ్మ వేసేవాడు. తెల్లగా ఉండాల్సిన చోటల్లా చెక్కేవాళ్లు సన్నటి ఉలితో తీసేసేవాళ్లు. మానును అడ్డంగా కోసిన గట్టి చెక్క కాబట్టి వెంట్రుకంత గీత కూడా నిలిచేది. భూతద్దం పెట్టి చూడండి, నాలో బూడిదరంగు ఎక్కడా లేదు. ఉన్నదల్లా నల్ల గీతలు, వాటి మధ్య ఖాళీ.

పుస్తకంగా కంటే విడి ఆకులుగా అమ్మితే లాభమని ఎవరో వ్యాపారి నన్ను కోసేశాడు. కావ్యాన్ని చంపి బొమ్మను అమ్ముకునే ఈ బేరం నాకు ఇప్పటికీ గిట్టదు. చివరికి హైదరాబాద్ ఆబిడ్స్‌లో, ఆదివారం పాత పుస్తకాల బజారులో, హనుమకొండ ఇంగ్లిష్ లెక్చరర్ ఒకాయన కంట పడ్డాను.

ఫ్రేము కట్టే అతను నన్ను అటూ ఇటూ తిప్పాడు.

“ఎవరు సారూ, యముడా?”

“కాదు తమ్మీ, సైతాను.”

“సైతాన్ను ఇంట్ల పెట్టుకుంటరా?”

సారుకు మిల్టన్ పేరెత్తితే పోతన గుర్తొస్తాడు. పోతన ఊరు బమ్మెర దగ్గరే కదా! 1667లో పది భాగాలుగా వచ్చిన కావ్యాన్ని మిల్టన్ 1674లో పన్నెండు చేశాడు, పోతన భాగవతానికీ పన్నెండు స్కంధాలేనని మురిసిపోతాడు. అది కాకతాళీయమే గానీ, నా మీద ఉన్న ప్రేమ కొద్దీ అంటున్నాడని ఊరుకుంటాను.

ఒకరోజు చేర్యాల నుంచి నకాషీ పటాలు వేసే పెద్దాయన వచ్చాడు. చింతగింజల అంబలి, సుద్ద పూసిన గుడ్డ మీద మూరల కొద్దీ కథ గీసే చేతులవి. పద్మశాలీల వాడల్లో కూనపులివాళ్లు అలాంటి పటాన్ని కొద్దికొద్దిగా విప్పుతూ మార్కండేయ పురాణం చెబుతారు. ఆయన నన్ను దగ్గరగా చూసి, “పని మంచిగున్నది. ముందుది ఏది, తర్వాతిది ఏది?” అన్నాడు.

“ఇంకా నలభై తొమ్మిది ఉంటయి. నా దగ్గర ఇదొక్కటే.”

“మరి కథ చెప్పేటాయన?”

సారు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత అల్మారాలోంచి అట్ట ఊడిన మిల్టన్‌ను తీసి, మూడో భాగం నుంచి తెలుగులో చెప్పడం మొదలుపెట్టాడు. అప్పటినుంచి ఇంటికి ఎవరొచ్చినా ఇదే వరస. మొన్న కరెంటు బిల్లు కొట్టే కుర్రాడు కూడా ఏదెను తోట దాకా విని గానీ గేటు దాటలేకపోయాడు.