గాలిమోటరు ఎగరేయడం ఎట్లా? ఊరంతా చూస్తుండగా

గాలిమోటరుకు సామాను ఆర్డర్ పెట్టే ముందు మీది ఏ ఘనపూరో తేల్చుకోండి. జనగామ జిల్లాలో రైలాగే స్టేషన్ ఘనపూర్ ఒకటి. భూపాలపల్లి జిల్లాలో కాకతీయుల కోటగుళ్లు, గణపసముద్రం చెరువు ఉన్న ఘనపూర్ ఇంకొకటి. మోటరు ఒక ఊరికి, బ్యాటరీ ఇంకో ఊరికి చేరితే కొరియర్ అబ్బాయిని తిట్టకండి. ఈ సలహాలు మాత్రం రెండు ఊళ్లకూ పనికొస్తాయి. రెండు చోట్లా తాటిచెట్లున్నాయి.

గాలిమోటరు, అంటే రిమోట్‌తో నడిచే బుల్లి విమానం, చేద్దామనుకునేవాళ్లు మొట్టమొదట చేసే తప్పు, అది ఎగరాలని కోరుకోవడం. ఎగిరితే ఏమొస్తుంది? పదిమంది చూడాలి. కాబట్టి ముహూర్తం ఆదివారం సాయంత్రానికి, హైస్కూల్ గ్రౌండ్‌లో క్రికెట్ మ్యాచ్ నడుస్తుండగా పెట్టుకోండి. పొద్దున ఆరింటికైతే గాలి నిలకడగా ఉంటుంది, గ్రౌండ్ ఖాళీగా ఉంటుంది అని చెప్పేవాళ్లు దొరుకుతారు. ఆ వేళకు చూసేదెవరు, కుక్కలు తప్ప? ఇంకో తొందర కూడా ఉంది. మన వైపు మామునూరులో నిజాం కాలంలో కట్టిన విమానాశ్రయాన్ని మళ్లీ తెరవడానికి 2025 ఫిబ్రవరిలో కేంద్రం ఒప్పుకుంది. అక్కడ పెద్ద విమానం దిగేలోపు మన ఊళ్లో మన విమానం దిగాలి. ఎట్లా దిగుతుందన్నది తర్వాతి మాట.

ఏ విమానం కొనాలి? ఫైటర్ జెట్. రఫేల్ బొమ్మ ఉన్న డబ్బా కనబడితే ధర అడగకుండా తీసుకోండి. దుకాణదారుడు మంచివాడైతే ‘తమ్మీ, ముందు ట్రైనర్ తీస్కో’ అంటాడు. వినకండి. ట్రైనర్ అంటే రెక్క పైకప్పు మీద ఉంటుంది, రెక్క కొసలు రెండూ కొంచెం పైకి లేచి ఉంటాయి, ఒక పక్కకు ఒరిగినా మీరు స్టిక్కు వదిలేస్తే తనంతట తాను సర్దుకుంటుంది. బరువుకు తగ్గట్టు పెద్ద రెక్క కాబట్టి మెల్లగా పోతుంది, ఆలోచించుకునే టైమిస్తుంది. మనకు టైమెందుకు? ఫైటర్‌కు రెక్క చిన్నది, బరువెక్కువ. వేగం కాస్త తగ్గగానే రెక్క మీద గాలి పట్టు తప్పి రాయిలా పడుతుంది. చూసేవాళ్లకు కావలసింది కూడా అదే.

సొంతంగా చేసుకుంటానంటారా, ఇంకా మంచిది. ఎన్నికలు అయిపోగానే గోడల మీద మిగిలిన సన్‌ప్యాక్ షీట్లు పీక్కురండి. నిజానికి సన్‌ప్యాక్ గట్టి సరుకే, పడ్డా విరగదు, ప్రపంచమంతా మోడలర్లు వాడతారు. కాకపోతే మీ రెక్క మీద ఎవరో ఒక నాయకుడి నవ్వు ముఖం ఉంటుంది. ఆయన ముఖం ఎవరి చేన్లో పడిందో చూసుకోవాలి. లేదంటే థర్మాకోల్ తీసుకోండి. దాన్ని అంటించడానికి తెల్ల ఫెవికాల్ వాడితే రాత్రంతా ఆగాలి, అంత ఓపిక ఎవరికుంది? సైకిల్ పంక్చర్ సొల్యూషన్ రాయండి. అందులోని సాల్వెంట్ తగలగానే థర్మాకోల్ మంచులా కరిగి, రెక్క మధ్యలో పిడికిలి పట్టేంత గుంట పడుతుంది. బరువు తగ్గిందని సంతోషించండి. ఫెవిక్విక్ పోసినా ఇదే ఫలితం.

మోటరు దగ్గరికొద్దాం. 2212 సైజు, 1000 కేవీ మోటరు చాలామంది కొంటారు. కేవీ అంటే కిలోవోల్టులు కాదు. ప్రొపెల్లర్ లేకుండా వోల్టుకు నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో ఆ లెక్క. 11.1 వోల్టుల బ్యాటరీ పెడితే ఖాళీ మోటరు నిమిషానికి 11,000 చుట్ల పైమాట. ఇంత సంగతి చెప్పాక మీకు చేయాల్సిన పని అర్థమయ్యే ఉంటుంది: ప్రొపెల్లర్ బిగించి, విమానం ఒళ్లో పెట్టుకుని, థ్రాటిల్ స్టిక్కు ఎక్కడుందో చూడకుండా బ్యాటరీ గుచ్చండి. ప్రొపెల్లర్ తీసేసి టేబుల్ మీద పరీక్షించేవాళ్లకు పది వేళ్లూ ఉంటాయి, నిజమే. కానీ చెప్పుకోవడానికి కథ ఉండదు.

బ్యాలెన్స్ చూడటం అనేది ఇంకో చాదస్తం. రెక్క ముందు అంచు నుంచి వెడల్పులో పావు వంతు దాటాక, మూడో వంతు లోపు, రెండు పక్కలా వేళ్లు ఆనించి లేపితే విమానం సమంగానో, ముక్కు ఒక రవ్వ కిందికో నిలవాలంటారు. లేకపోతే బ్యాటరీ ముందుకో వెనక్కో జరుపుకోవాలి. ఐదు నిమిషాల పని. ఈ ఐదు నిమిషాలు మిగుల్చుకుంటే, తోక బరువైన విమానం చేయి వదలగానే ముక్కు ఆకాశానికెత్తి, నిలువునా ఆగి, వెనక్కి తిరిగి పడే దృశ్యం మీకు దక్కుతుంది. అన్ని తప్పుల్లోకీ ఖాయంగా ఫలించేది ఇదే. మిగతావాటికి అదృష్టం కొంచెం అడ్డొస్తుంది.

నేర్పేవాళ్ల జోలికి పోకండి. ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో ఏరోమోడలింగ్ ఒక పాఠమే ఉంది. వాయు సైనిక్ క్యాంపులో దాని మీద పోటీలు కూడా పెడతారు. కాలేజీలో అట్లాంటి క్యాడెట్ ఎవరైనా కనబడితే దారి మార్చుకోండి. వాళ్లు మొదట చేత్తో విసిరే గ్లైడర్ చేయమంటారు. తర్వాత కంప్యూటర్‌లో సిమ్యులేటర్ మీద కూర్చోబెడతారు. అక్కడ విమానం రోజుకు ముప్పైసార్లు కూలినా రూపాయి ఖర్చుండదు, ఎవడూ నవ్వడు. నవ్వేవాడే లేకపోతే నేర్చుకుని ఏం లాభం? ఇంకా ముదిరినవాళ్లు రెండు ట్రాన్స్‌మిటర్లను వైరుతో కలుపుతారు. మీరు తడబడగానే గురువు స్విచ్ తిప్పి విమానాన్ని తన చేతిలోకి తీసుకుంటాడు. అంత చులకనైపోతామా?

వైపుల సంగతి ఎవరూ ముందుగా చెప్పరు, నేనూ చెప్పకూడదు గానీ నోరు ఆగదు. విమానం మీ నుంచి దూరంగా పోతున్నంతసేపు కుడి కుడే, ఎడమ ఎడమే. తిరిగి మీ వైపు వస్తున్నప్పుడు మీ కుడి దానికి ఎడమ. కొత్తవాళ్ల విమానాలు చాలావరకు ఈ మలుపులోనే పోతాయి. ఎగరేసేవాళ్ల దగ్గర దీనికో కిటుకుంది: మీ మీదికి వస్తున్నప్పుడు ఏ రెక్క కిందికి వాలిందో, స్టిక్కును ఆ వైపుకే నెట్టాలి. ఈ కిటుకు విన్నట్టు మర్చిపోండి. గాభరాపడి రెండు స్టిక్కులూ రెండు వైపులా లాగడంలో ఉన్న స్వేచ్ఛ ఇందులో లేదు.

గాలి ఎటు నుంచి వీస్తోందో తెలుసుకోవడానికి యాప్‌లు చూడండి, అవి ఎక్కడో ఉన్న ఊరి గాలి చెబుతాయి. గ్రౌండ్ పక్క కల్లంలో వడ్లు తూర్పారబడుతున్న పెద్దమ్మను మాత్రం అడగొద్దు. చేట ఎత్తి పట్టుకున్న తీరులోనే ఆమె మీకు జవాబు చెప్పేస్తుంది. అది తెలిస్తే మీరు గాలికి ఎదురుగా విసురుతారు, రెక్కకు కావలసిన గాలివేగం సగం ఉచితంగా దొరుకుతుంది, విమానం లేస్తుంది. గాలివాటుకు విసరండి. ఏప్రిల్, మే మధ్యాహ్నాలైతే ఇంకా శ్రేష్ఠం. పత్తి పీకేసిన ఎర్ర చెలకల మీద సుడిగాలులు లేస్తాయి, వాటిలో ఒకటి మీ విమానాన్ని పైకి తీసుకుపోతే అది మీ గొప్పే.

ఇక తాటిచెట్టు. మన దగ్గర విమానాలు నేల మీద కన్నా తాటాకుల మీద ఎక్కువ దిగుతాయి. దిగగానే పిల్లలందరికీ రాళ్లిచ్చి కొట్టించండి, రెక్కకు తూట్లు పడతాయి, ఆ తర్వాత గాలిపటానికైనా పనికిరాదు. గౌడన్న పొద్దున, సాయంత్రం ఎలాగూ మోకు, ముస్తాదు వేసుకుని చెట్టెక్కుతాడు. ‘అన్నా, జర మా గాలిమోటరు కూడా తెచ్చిపెట్టవా’ అని మర్యాదగా అడిగితే పట్టుకొస్తాడు. అడగడానికి నామోషీ పడండి. అప్పుడు విమానం వానాకాలం దాకా అక్కడే ఉండి, మీ పేరు ఊళ్లో నిలబెడుతుంది.

కరెంటు తీగల దగ్గర మాత్రం నా సలహాలకు సెలవు. కాజీపేట–సికింద్రాబాద్ రైలుమార్గం పైన తీగల్లో ఉండేది 25,000 వోల్టులు. భూపాలపల్లి వైపు వాళ్లకు చెల్పూర్ థర్మల్ కేంద్రం నుంచి పోయే పెద్ద లైన్లు ఉండనే ఉన్నాయి. విమానం అక్కడ చిక్కుకుంటే అది పోయినట్టే లెక్క. కట్టె, చువ్వ, తడి వెదురు, ఏదీ పట్టుకుని దగ్గరికి పోకండి. అసలు ఆ వైపు ఎగరేయకండి. ఇది వెటకారం కాదు.

ఎక్కడున్నాం? ఆఁ, చట్టం. 2021 డ్రోన్ రూల్స్ పెళ్లి వీడియోలు తీసేవాళ్లకే అని, మీది విమానం కాబట్టి వర్తించదని వాదించండి. 25 కిలోల లోపు ఉండి, చదువుకో వినోదానికో కంటికి కనిపించేంత దూరంలో ఎగిరే మోడల్ విమానాల ప్రస్తావన అందులో విడిగా ఉంది. వాటికి టైప్ సర్టిఫికెట్ అక్కరలేదనీ ఉంది. డ్రోన్ మ్యాపులో మీ చోటు గ్రీన్ జోన్ అయితే 400 అడుగుల ఎత్తు వరకు ముందస్తు అనుమతి అడగనక్కరలేదు. మన సౌకర్యానికే రాసిన సంగతులు చదివితే వాదన బలం తగ్గుతుంది, కాబట్టి చదవొద్దు. మ్యాపు చూడొద్దు.

లిథియం పాలిమర్ బ్యాటరీని మీ సెల్‌ఫోన్‌లాగే చూడండి: రాత్రంతా చార్జింగ్ పెట్టి, పరుపు మీద వదిలేసి, పడుకోండి. ఒక్కో సెల్లు నిండితే 4.2 వోల్టులు, 3 వోల్టుల కన్నా దిగితే పాడవుతుంది, పక్కన పెట్టేటప్పుడు 3.8 దగ్గర ఉంచాలి. ఈ అంకెలు చూసి బ్యాలెన్స్ చార్జర్ కొని, గచ్చు మీద పెట్టి, పక్కన ఇసుక బకెట్ ఉంచుకుని కూర్చునేవాళ్లు పిరికివాళ్లు. పడి ఉబ్బిన బ్యాటరీని కూడా మళ్లీ వాడతారు ధైర్యవంతులు. వాళ్ల గదులకు కొత్త సున్నం ఎందుకు వేశారో అడగకండి.

ఇంత చదివాక మీ ఆశ పెరిగి ఉంటుంది. పెరగాలి. మేనార్డ్ హిల్ అనే అమెరికా ముసలాయన, చూపు దాదాపు పోయిన దశలో, ఐదు కిలోల లోపు బాల్సా కర్ర విమానాన్ని 2003 ఆగస్టులో కెనడా తీరం నుంచి వదిలితే, అది అట్లాంటిక్ దాటి దాదాపు 39 గంటలకు ఐర్లాండ్‌లో దిగింది. మూడు వేల కిలోమీటర్ల పైచిలుకు. మీకు రెండు కళ్లూ బాగున్నాయి, హైదరాబాద్ ఏపాటి? ఆయన జీవితమంతా మోడళ్లు చేస్తూనే ఉన్నాడనీ, సముద్రం మీదికి అంతకుముందు పంపినవి చేరలేదనీ, దారిలో శాటిలైట్ సాయంతో నడిచే ఆటోపైలట్ పెట్టాడనీ ఎవరైనా అంటే, ‘అవన్నీ వివరాలు’ అనండి.

చివరికి కూలుతుంది. అప్పుడు ఏమనాలో ఇప్పుడే బట్టీ పట్టండి: ‘సిగ్నల్ పోయింది.’ పాత రోజుల్లో ఇది నిజంగానే జరిగేది. ఒకే క్రిస్టల్, ఒకే ఫ్రీక్వెన్సీ, పక్కవాడు తన రేడియో ఆన్ చేస్తే మీ విమానం పడిపోయేది. ఇప్పటి 2.4 గిగాహెర్ట్జ్ సెట్లు ఫ్రీక్వెన్సీ మారుస్తూ పోతాయి, అంత తేలికగా ఒకదానికొకటి అడ్డురావు. అయినా క్రికెట్ ఆడేవాళ్లకు అది తెలియదు, నమ్ముతారు. సెల్ టవర్ వైపు ఒకసారి కోపంగా చూడండి, ఇంకా నమ్ముతారు. ముక్కలు ఏరుకునేటప్పుడు తోక మీది ఎలివేటర్ కడ్డీ ఊడి ఉందా, రెక్కల వెనక అంచున ఉండే ఐలరాన్‌లు తిరగబడి కదులుతున్నాయా అని చూడకండి. ఎగరేసే ముందు స్టిక్కు కుడికి నెట్టి, కుడి ఐలరాన్ పైకి లేచిందో లేదో చూసి ఉంటే సరిపోయేదని అప్పుడే తెలిసిపోతుంది, ఇంటికి వెళ్లే దారి పొడవునా అదే గుర్తొస్తుంది. ముక్కలన్నీ ఎరువుల బస్తాలో వేసి మూతి కట్టేయండి. రాత్రికి కొత్తది ఆర్డర్ పెట్టండి, ఈసారి నాలుగు ఇంజన్లది. చిరునామాలో ఏ ఘనపూరో రాయడం మర్చిపోకండి.