ఆశయం బాబాయి సంబంధాలు చూస్తున్నాడు

మా చీమకుర్తిలో అందరికీ ఏదో ఒక పని ఉంది. ఆ పనితో సరిపెట్టుకునే గుణం లేనిది ఒక్క ఆశయం బాబాయికే.

ప్రపంచం బ్లాక్ గెలాక్సీ అని పిలుచుకునే నల్లరాయి ఇక్కడి నేలలోంచే రావాలి. నలుపులో తళుక్కుమనే ఆ చుక్కలు చూసి బంగారమనుకునేరు, బ్రాంజైట్ అనే ఖనిజం. దాన్ని కోసేవాళ్ళు, పలకలు తీసి మెరుగు పెట్టేవాళ్ళు, కర్నూలు రోడ్డు మీద ట్రైలర్లు తోలేవాళ్ళు, వాళ్ళందరికీ టీ పోసేవాళ్ళు, ఇదీ ఊరు. బాబాయీ వీళ్ళలో ఒకడే. రెండు టిప్పర్లు కొని క్వారీకి బాడుగకు పెట్టాడు, కూతుర్ని డాలస్ సంబంధానికిచ్చాడు, షుగర్ తెచ్చుకున్నాడు. అరవై దాటిన మర్నాడు "ఒరే అబ్బాయ్, మనిషి పుట్టుక పుట్టినందుకు ఒక ఆశయం ఉండొద్దూ?" అంటూ బస్టాండు పక్కన టీకొట్టు బల్ల మీద కూర్చున్నాడు. ఇంకా లేవలేదు.

ఆయన దిగులు ఒకటే. మంచి సమస్యలన్నీ పాతవాళ్ళు వాడేసుకున్నారు. "ప్రకాశం పంతులు 1928లో మద్రాసులో తుపాకికి రొమ్ము చూపించాడు. ఇప్పుడు నేను చూపిస్తానంటే తుపాకీ ఏది? దుగ్గిరాల గోపాలకృష్ణయ్య 1921లో మునిసిపాలిటీ పన్ను కట్టేది లేదని చీరాల జనాన్నంతా ఊరు ఖాళీ చేయించి రామనగరంలో పాకలేయించాడు. ఇప్పుడు పక్కింటివాడి చేత గేటు ముందునుంచి మోటారుసైకిల్ ఖాళీ చేయించలేకపోతున్నాం. పుల్లరి కట్టనని కన్నెగంటి హనుమంతు ప్రాణమే ఇచ్చాడు. మనకేం మిగిల్చారయ్యా?" ఇంత చెప్పి, అన్యాయంగా వాటా పోగొట్టుకున్నవాడి ముఖం పెట్టుకుని గ్లాసు కింద పెడతాడు.

అలాగని ఊరుకోలేదు. మగపెళ్ళివారి పెద్ద ఊరూరా తిరిగి పిల్లను చూసినట్టు సమస్యల్ని చూసి వస్తున్నాడు. వంశం మంచిదై ఉండాలి, అంటే పేపర్లో పేరు పడినదై ఉండాలి. మరీ పేదింటిది పనికిరాదు. అన్నిటికన్నా ముఖ్యం, మన చుట్టాల్లో ఎవరికీ దాంతో పాత తగాదా ఉండకూడదు.

మొదట పొగాకు వ్యతిరేకత చూశాడు. మే 31న ప్రపంచ పొగాకు వ్యతిరేక దినం కదా, ఆ రోజున ఊరేగింపు పెడదామని ఫ్లెక్సీకి అడ్వాన్సు కూడా ఇచ్చాడు. మే 30 రాత్రి బావమరిది వచ్చాడు. ఆయనకు కొండపి వైపు రెండు బ్యారన్లున్నాయి, ఒంగోలు వేలంకేంద్రంలో బేళ్ళున్నాయి. ఏమీ అనలేదు. మామిడిపండ్ల బుట్ట దించి, "అక్కా, ఈసారి రేటు బాగుంటే నీకు గాజులు చేయిద్దామనుకున్నా" అని పిన్నితో అన్నాడు. సంబంధం తప్పిపోయింది. ఆ ఫ్లెక్సీ ఇప్పుడు పిన్ని దొడ్లో మిరపకాయలు ఎండబోసుకోవడానికి పనికొస్తోంది. బోర్లా వేస్తుంది, ఎందుకైనా మంచిదని.

తర్వాత ఒంగోలు జాతి పశువుల్ని కాపాడదామన్నాడు. ఈ గిత్త సముద్రాలు దాటి బ్రెజిల్ పోయి, అక్కడ నెలోర్ అనే పేరుతో కోట్ల మందగా పెరిగితే సొంత గడ్డ మీద దిక్కులేకుండా పోతోందని బల్ల గుద్ది చెప్పాడు. అప్పుడు నిజంగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నేను చూశాను. ఒక రైతు "దూడనిస్తాను, తోలుకుపో బాబాయ్" అన్నాడు. గడ్డి ఎవరెయ్యాలి, పేడ ఎవరెత్తాలి అనే చర్చ మూడో టీ దాకా సాగి, బ్రెజిల్‌లో క్షేమంగానే ఉన్నాయి కదా అనే ఊరటతో ముగిసింది. వెలిగొండ నీళ్ళ కోసం పోరాడదామని కనిగిరి వైపు కూడా పోయొచ్చాడు. ఫ్లోరైడు నీళ్ళ ఊళ్ళు కదా అని వెంట సీసా నీళ్ళు పట్టుకుపోయాడు. వచ్చి పెదవి విరిచాడు. 1996లో శంకుస్థాపన జరిగిన ప్రాజెక్టు, ఇన్నేళ్ళుగా దాని కోసం మాట్లాడుతున్నవాళ్ళు ఉండనే ఉన్నారు, "మనం పోతే వెనక వరసలో కుర్చీ వేస్తారు."

నాకొకటి అనిపిస్తుంది. 1992లో మా పక్క జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డప్పుడు, రాత్రిబడిలో అక్షరాలు దిద్దుకుంటూ మొదలెట్టిన మాట రాష్ట్రమంతా పాకి మూడేళ్ళలో మద్యనిషేధం దాకా పోయింది. వాళ్ళు సమస్యను వెతుక్కుంటూ ఎక్కడికీ పోలేదు. అదే రోజూ రాత్రి తూలుకుంటూ ఇంటికొచ్చేది. బాబాయితో ఈ మాటంటే, "వాళ్ళ అదృష్టం" అన్నాడు. వెటకారం కాదు, మనస్ఫూర్తిగానే అన్నాడు.

మొన్న సెలవులకు డాలస్ నుంచి మనవడొచ్చి తాతకు శాస్త్రం చెప్పాడు. పీటర్ సింగర్ అని ఆస్ట్రేలియా తత్వవేత్త, 1972లో ఒక వ్యాసం అచ్చేశాడు. నువ్వు దారిన పోతున్నావు, నీళ్ళ గుంటలో పసిబిడ్డ మునిగిపోతోంది. దిగితే బట్టలు బురదవుతాయి, అయినా దిగుతావు కదా? మరి అదే బిడ్డ వేల మైళ్ళ అవతల ఆకలికి చచ్చిపోతుంటే నీ ధర్మం మారుతుందా? ఈ తర్కం పట్టుకునే పడమటి దేశాల్లో కొందరు ఏ దానానికి ఎన్ని ప్రాణాలు దక్కుతాయో లెక్కలు కడుతున్నారట. ఆఫ్రికాలో మలేరియా ఊళ్ళకు దోమతెరలు పంచడం ఆ లెక్కలో ముందు వరసలో ఉంటుందట.

టీకొట్టంతా చెవులప్పగించి వింది. రాయి అయిపోయాక వదిలేసిన క్వారీల్లో వాననీరు నిలిచే ఊరు ఇది, మాకు గుంట అంటే ఒకరు చెప్పాలా. బాబాయి చాలాసేపు ఆలోచించి అడిగాడు: "ఆ గుంట ఎవరి లీజులో ఉందిరా?"

మనవడికి అర్థం కాలేదు. మిగతా అందరికీ అర్థమైంది. లీజు బావమరిదిదైతే, బిడ్డను తీసినాక కంచె ఎందుకు వెయ్యలేదని ఆయన్ని అడగలేం. పెద్దవాళ్ళదైతే, తీసింది మనమేనని బయటికి చెప్పుకోలేం. ఎవరిదీ కాదంటే కంచె వెయ్యమని అర్జీ ఎవరి పేర రాయాలి? సింగర్ గారంటే నాకు గౌరవమే, కానీ ఆయన గుంటకు హక్కుదారు లేడు. ఆఫ్రికా దోమతెరలకు మాత్రం బాబాయి అక్కడికక్కడే మనవడి చేత డబ్బు పంపించాడు. ఆ రాత్రి మా వీధిలో దోమలకు ఎవరూ నిద్రపోలేదు.

అర్జీ అంటే గుర్తొచ్చింది. అర్జీ రాయడంలో బాబాయిని మించిన చెయ్యి ఈ చుట్టుపక్కల లేదు. ఠావు కాగితం మడిచి ఎడమపక్క నాలుగు వేళ్ళ ఖాళీ వదిలి, "గౌరవనీయులైన జిల్లా కలెక్టరు గారి దివ్యసముఖమునకు" అని మొదలుపెడితే పేజీలో ఒక్క కొట్టివేత ఉండదు. సోమవారం ఒంగోలు కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకుంటారు కనుక ఆదివారం సాయంత్రం బల్ల చుట్టూ జనం. ఆధార్‌లో ఇంటిపేరు తప్పుపడి పింఛను ఆగిన ముసలమ్మ, రాయి జారి కాలు విరిగితే మేస్త్రీ ఫోనెత్తని ఒరియా కుర్రాడు. పైసా తీసుకోడు, పైగా టీ ఆయనే ఇప్పిస్తాడు. రాస్తున్నంతసేపూ సణుగుతాడు, ఆశయం గురించి ఆలోచించుకునే వేళంతా వీళ్ళు తినేస్తున్నారని.

గడిచిన ఆదివారం రోడ్డుపక్క మిరపతోట ఆమె వచ్చింది. టార్పాలిన్ కప్పకుండా పోయే టిప్పర్ల దుమ్ముకు ఆకు బూడిదరంగు తిరిగిందని నాలుగు రెమ్మలు తుంచి తెచ్చి బల్లమీద పెట్టింది. బాబాయి ఒక ఆకును బొటనవేలితో రుద్దాడు. దుమ్ము పోయిన మేర పచ్చగా గీత పడింది. "బండ్ల నంబర్లు లేకపోతే అర్జీ నిలవదమ్మా" అన్నాడు. ఆమె కొడుకు ఫోన్లో ఫొటోలు తీసే ఉంచాడు. చదువుతుంటే బాబాయి రాస్తున్నాడు. నాలుగో నంబరు దగ్గర కలం ఆగింది. కళ్ళద్దాలు తీసి తుడిచి, ఫోను దగ్గరికి లాక్కుని చూశాడు. రాశాడు. ఐదోదీ ఆయన బండే. అదీ రాశాడు.

ఆమె వేలిముద్ర వేసి వెళ్ళాక, పక్కకు పోయి డ్రైవర్లకు ఫోన్ చేశాడు. ఆ తిట్లు పత్రికలో వేసేవి కావు. తిరిగొచ్చి బల్లమీద చతికిలబడ్డాడు.

"చూశావా అబ్బాయ్, ఇట్టాంటి చిల్లర పన్లతోనే పూట గడిచిపోయింది. రేపు పొద్దున్నే రా. సముద్రంలో పగడపు దిబ్బలు చచ్చిపోతున్నాయంట. విచారించా, అక్కడ మన చుట్టాలెవరూ లేరు."