రాణీవారి తూము

సామ్రాజ్యాలకు దయాదాక్షిణ్యాలు ఉండవనేవాళ్ళు కెనడాలో నోవా స్కోషియా వెళ్ళి గ్రాన్ ప్రే చూసి రావాలి. 2012 నుంచి అది ప్రపంచ వారసత్వ స్థలం. 1680ల్లో అక్కడికి చేరిన ఫ్రెంచి రైతులు, అకేడియన్లు, సముద్రం మింగే నేలను సాగులోకి తెచ్చారు. ఫండీ అఖాతంలో పోటు ప్రపంచంలోకెల్లా ఎత్తు. దానికి అడ్డంగా గడ్డిపెళ్ళలతో కరకట్ట వేసి, అడుగున కొయ్య తూము పెట్టారు. తూము తలుపు ఒకవైపే తెరుచుకుంటుంది. ఆటు వేళ పొలంలో వాననీరు బయటికి పోతుంది, పోటు వేళ ఉప్పునీరు తోస్తే తలుపు దానంతటదే మూసుకుంటుంది. రెండు మూడేళ్ళ వానలకు ఉప్పు కడుక్కుపోయి నేల బంగారమయ్యేది.

ఇంత మంచి భూమి బాగుచేసినవాళ్ళ చేతుల్లోనే ఉండిపోతే ఎలా? బ్రిటిషు రాజుకు బేషరతుగా విధేయతా ప్రమాణం చేయలేదన్న సాకు దొరికింది. 1755 సెప్టెంబరు 5న లెఫ్టినెంట్ కల్నల్ విన్‌స్లో మగవాళ్ళను చర్చికి పిలిపించాడు. 418 మంది వచ్చారు. మీ భూములూ పశువులూ ఇక రాజుగారివి, మిమ్మల్ని ఓడలెక్కిస్తాం అన్నాడు. ఈ పని తన స్వభావానికి బొత్తిగా గిట్టదని కూడా చెప్పుకున్నాడు, పాపం. ఆయన్ను ఓదార్చే తీరిక అక్కడెవరికీ లేకపోయింది.

1759 తుఫానుకు కట్టలు తెగాయి. మరుసటేడు న్యూ ఇంగ్లండు నుంచి దిగిన కొత్త ఆసాములకు భూమి మీద హక్కు వచ్చింది గానీ కట్ట వేయడం రాలేదు. రైతును తరిమినట్టు సముద్రాన్ని తరమడానికి దొరగారి దగ్గర పటాలం లేదు. అప్పుడు గుర్తొచ్చారు అకేడియన్లు! ఖైదులో మిగిలినవాళ్ళను తెచ్చి, తమవాళ్ళ పొలాలకే కట్టలు వేయించారు. ఊరికే కాదండీ, కూలి ఇచ్చారు.

తర్వాత కన్నీళ్ళకూ గిరాకీ వచ్చింది. ఆ ఊరు కంటితో చూడని అమెరికన్ కవి లాంగ్‌ఫెలో 1847లో ఎవాంజెలిన్ అనే అమ్మాయిని ఊహించి కావ్యం రాశాడు. రైలు కంపెనీ ఆ స్థలం కొంది, 1920లో ఆ అమ్మాయికి విగ్రహం లేచింది. వేలాదిమంది అసలు మనుషులు ఓడల్లో పోయారు. లేని పిల్ల పేరు మీద టిక్కెట్లు తెగాయి.

ఇక కెనడా సర్కారువారి పశ్చాత్తాపం. 248 ఏళ్ళు తొందరపడకుండా ఆలోచించి, 2003లో రాణీవారి పేర ప్రకటన వెలువరించారు. అన్యాయం జరిగిందట. ఏటా జూలై 28న స్మరించుకోవాలట. అయితే దీన్నిబట్టి చట్టపరంగా గానీ, డబ్బుపరంగా గానీ తమకు బాధ్యత ఉన్నట్టు ఎవరూ అనుకోరాదట. సంతాపం బయటికి ధారాళంగా పోతుంది, దావా లోపలికి చుక్క రాదు. ఆ తూము పనితనం మాత్రం అకేడియన్లదే; దానికీ పరిహారం అడగకూడదు.