రెండు లైన్లాయన

కరెంటు పోతే మేమంతా పక్క అపార్ట్‌మెంటు వైపు చూస్తాం, వాళ్లకుందా లేదా అని. నెట్ పోతే మాత్రం మా నాలుగో అంతస్తు వైపు చూస్తాం. అక్కడ రెండు లైన్లాయన ఉంటారు. రిటైరైన ఇంజనీరు. రెండు కంపెనీల ఫైబరూ, ఆ రెండింటినీ ముడేసే డ్యూయల్ వ్యాన్ రౌటరూ ఆయన ఆస్తి. కొత్తగా రెండు వ్యాన్లు తెచ్చారని విన్న వాచ్‌మన్, పార్కింగ్‌లో చోటు లేదని ముందే చెప్పేశాడు.

మొదటివారం రౌటరు మొరాయించింది. రెండు కంపెనీల పెట్టెలూ తమ అడ్రసు 192.168.1.1 అనే చెబుతున్నాయి. ఒకే వీధిలో ఒకే డోర్ నంబరుతో రెండిళ్లుంటే పోస్ట్‌మ్యాన్ మాత్రం ఏంచేస్తాడు? ఒకదాని నంబరు 192.168.2.1గా మార్చాక దారికొచ్చింది. ఆ సంగతి కనిపెట్టడానికి ఆయనకు మూడు రాత్రులు పట్టింది, మాకు చెప్పడానికి ఆరు సాయంత్రాలు.

తర్వాత లోడ్ బ్యాలెన్సింగ్. వందా వందా కలిసి రెండొందల ఎంబీపీఎస్ అన్నారు. ఓ పెద్ద ఫైలు డౌన్‌లోడ్ పెడితే వందే వచ్చింది. బస్సులు రెండున్నా ఒక మనిషి ఎక్కేది ఒకదాంట్లోనే కదా! పైగా వాళ్లావిడ కరెంటు బిల్లు కట్టబోతే లాగిన్ ఒక లైన్లో, చెల్లింపు ఇంకో లైన్లో వెళ్లాయి. బ్యాంకు అనుమానపడి బయటికి గెంటేసింది. “రెండు పడవల మీద కాళ్లు పెడితే ఇంతేనండీ” అందావిడ.

దాంతో ఫెయిల్‌ఓవర్‌కు మారారు. ఒక లైను పనిచేస్తుంది, రెండోది కాచుక్కూర్చుంటుంది. రౌటరు మాటిమాటికీ 8.8.8.8 అనే బయటి అడ్రసును పింగ్ చేసి, జవాబు రాకపోతే రెండో లైనుకు దూకుతుంది. మంచి ఏర్పాటే, ఒప్పుకోవాలి. కానీ లైను తెగేదాకా ఆగే ఓపిక ఆయనకేది? ఇంటికెవరొచ్చినా తనే వైరు పీకి, “చూశారా, నెట్ పోలేదు!” అంటారు. లోపలి గదిలోంచి కోడలు, “మామయ్యగారూ, మళ్లీ పీకారా? మా మేనేజరు నోరు తెరిచి అలాగే ఆగిపోయాడు” అంటుంది. నిజానికి ఆ ఇంట్లో నెట్ పోయినన్నిసార్లు ఒక్క లైనున్న మా ఇంట్లో పోలేదు. అయినా మేమంటే ఆయనకు జాలి. “ఒక్కటేనా?” అంటారు, ఒంటిచొక్కాతో కాశీకి బయల్దేరినవాణ్ణి చూసినట్టు.

2025 ఆగస్టులో హైదరాబాదులో కరెంటు స్తంభాల మీది కేబుళ్లు కోసేశారు కదా, మా వీధి వంతూ వచ్చింది. ఆయన గబగబా దిగొచ్చి స్తంభం కింద నిలబడ్డారు. కంపెనీలు రెండు, బిల్లులు రెండు, కస్టమర్ కేర్లు రెండు. వైర్లు మాత్రం ఒకే స్తంభానికి, ఒకే కొక్కేనికి వేలాడుతున్నాయి. ఒక్క కత్తిరింపుకు రెండూ చుట్టలుగా కిందపడ్డాయి.

కాసేపటికి మా తలుపు తట్టి, గొంతు తగ్గించి, “బాబూ, నీ ఫోన్లో హాట్‌స్పాట్ ఉందా?” అన్నారు. ఇచ్చాను. దాని మీదే ఆయన సిమ్ డాంగిల్‌కు ఆర్డరు పెట్టారు. రౌటరు వెనక యూఎస్‌బీ సందు ఒకటి ఖాళీగా ఉందట.