మా ఊరు వెంచరైన వైనం

గళ్లు గీస్తే చాలు, వీధి దానంతట అదే వచ్చి కూర్చుంటుందనుకున్నాను. కామిక్ బొమ్మలంటే నాకు మోజు. మొహాలు ఫరవాలేదన్నట్టు వచ్చేవి గానీ, వెనకాల ఇల్లో బజారో గీయాల్సి వస్తే మాత్రం ఓ చెట్టు నిలబెట్టి, పైన మేఘం అంటించి దాటేసేవాణ్ణి. (నా కథల్లో పాత్రలన్నీ పొలాల్లోనే ఎందుకు పోట్లాడుకునేవో ఇప్పుడు అర్థమైందిగా!) అలాంటివాడికి పర్‌స్పెక్టివ్ గ్రిడ్ అనేదొకటుందని తెలిసింది. ఓ అడ్డగీత, దానిమీద ఓ చుక్క, అందులోంచి బయలుదేరే గీతలు. 1435లో ఇటలీలో ఆల్బర్టీ అనే ఆయన రాసిపెట్టిన పద్ధతి. అంత పాతకాలపు విద్య ఒక ఆదివారానికి రాకపోతుందా అనుకున్నాను.

మా ఊరి బజారు గీశాను. రోడ్డు, దుకాణాల అరుగులు, రేకుల పంచలు, కరెంటు తీగలు, అన్నీ బుద్ధిగా ఆ చుక్కలోకే పోయాయి. మురిసిపోయి మనుషుల్ని దింపాను. దగ్గరివాడు పెద్ద, దూరంవాడు చిన్న, అంతే నాకు తెలిసిన శాస్త్రం. కిళ్లీకొట్టు దగ్గర నిలబడ్డవాడి తల బడ్డీ కప్పు దాటిపోయింది. వాడి వెనకాల వస్తున్నావిడ మోకాలిదాకా నేలలో దిగబడింది. తప్పు మనుషులదేనని వాళ్లను చెరిపాను, గీశాను, మళ్లీ చెరిపాను, కాగితం చిరిగిందాకా. అడ్డగీతను అనుమానించాలని తోచలేదు.

ఆ గీత చూసేవాడి కంటి ఎత్తట! నేను రోడ్డుమీద నిలబడి చూస్తుంటే, చదును నేలమీద నా అంత పొడుగున్న ప్రతివాడి కళ్లూ ఆ గీతమీదే ఉండాలి, ఎదురుగా ఉన్నా సరే, బజారు చివర ఉన్నా సరే. దూరం పెరిగేకొద్దీ పాదాలు పైకి జరుగుతాయి గానీ కళ్లు కదలవు. డాబా ఎక్కి చూస్తే గీత అందరి తలల పైనుంచి పోతుంది. నేనేమో అందంగా ఉంటుందని కాగితానికి సరిగ్గా నడిమధ్యన గీసేశాను. ఎక్కడ నిలబడి చూస్తున్నానో నాకే తెలియదు.

మూల మనవైపున్న ఇంటికి ఒక్కో పక్క గోడకీ ఒక్కో చుక్క పెట్టే రెండు చుక్కల పద్ధతిలో ఇంకో ఘనకార్యం. చుక్కలు రెండూ కాగితంలోనే ఉండాలని పట్టుబట్టాను. బయట పెడితే బల్లంతా పెన్సిల్ గీతలే కదా! మలుపులో ఉన్న పోస్టాఫీసు ఓడ ముక్కులా మీదికి దూసుకొచ్చింది. అదొక స్టైల్ అని స్నేహితుల దగ్గర కోశాను కూడా.

నాలాంటివాళ్ల కోసమే కాబోలు, విలియం హోగార్త్ అనే చిత్రకారుడు 1754లో ఒక పర్‌స్పెక్టివ్ పుస్తకం మొదట్లో వేయడానికి కావాలని అన్నీ తప్పులతో ఓ బొమ్మ గీశాడు. కిటికీలోంచి వంగిన ఆవిడ ఎక్కడో కొండమీదున్న బాటసారి పైపుకి కొవ్వొత్తితో నిప్పంటిస్తుంటుంది. గొర్రెలు దూరం వెళ్లేకొద్దీ పెద్దవవుతుంటాయి. మొదటిసారి చూసినప్పుడు నాకందులో తప్పేదీ కనబడలేదు. పల్లెటూరు భలే గీశాడనుకున్నాను.

కానీ నా అసలు తెలివితక్కువతనం వేరే. మా బజారులో ఏ రెండిళ్లూ ఒకే వరసలో ఉండవు. ఒకటి రోడ్డుమీదికి తోసుకొస్తే పక్కది అలిగి పక్కకు తిరిగుంటుంది. అలా తిరిగిన ప్రతి ఇంటికీ దాని చుక్కలు దానికుండాలి, కంటి గీత మాత్రం అందరిదీ ఒకటే. నేను బజారుకు తగ్గట్టు చుక్కలు పెట్టలేదు, చుక్కకు తగ్గట్టు బజారునే సాపు చేశాను. బొమ్మ చూసి మా పిన్ని, "ఏ వెంచర్‌రా ఇది? గజం ఎంత?" అంది.

ఇప్పుడు గుడివైపు ఎక్కే రోడ్డు గీస్తున్నాను. ఎత్తెక్కే దారి గీతలు కంటి గీతలో కలవవు, దానికి పైనెక్కడో కలుస్తాయి. ఆ పైచుక్క కాగితం దాటి గోడమీది క్యాలెండర్లో పడింది. గుండుసూది గుచ్చి దారం కట్టాను. ఉగాది పోయేదాకా పేజీ తిప్పొద్దని ఇంట్లో బతిమాలుకుంటున్నాను.